షోకి వెళ్లాలనుంది పిల్లలకా, మీకా?

విశాఖ గాజువాక నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు నలభై రెండు, ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు రెండో తరగతి. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు.

ఆమె కాలేజీ రోజుల నుంచి ప్రాణంగా వింటున్న ఒక విదేశీ రాక్ బ్యాండు బెంగళూరు వస్తోందట. జగదాంబ దగ్గర రికార్డింగ్ షాపులో అన్నయ్య నింపించుకొచ్చిన తొంభై నిమిషాల క్యాసెట్‌తో మొదలైన పిచ్చి అది. అట్ట మీద అన్నయ్య చేత్తో రాసిన పాటల పేర్లు ఇప్పటికీ వరుసగా చెప్పగలనని రాశారు. 2011 అక్టోబరు 30న అమెరికా రాక్ బ్యాండు మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు ఆమెకి ఏడో నెల. వెళ్లే మాటే లేదు. "మర్నాడు పేపర్లో ఫొటో కూడా చూడలేదు, ఏడుపొస్తుందని" అన్నారు.

ఈసారి పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్లాలని ఆమె ఆలోచన. "అసలైన సంగీతం అంటే ఏంటో వాళ్లకి చూపించాలి" అంటారు. విషయం చెబితే భర్త "నీ ఇష్టం" అని డ్యూటీకి వెళ్లిపోయారు. కూతురు "సరే" అంది. కాసేపాగి, "అమ్మా, నువ్వు అక్కడ అరవవు కదా?" అని అడిగింది. కొడుకు ఎగిరి గంతేశాడు. అయితే ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలకి తీసుకెళ్తే, మొదటి విమానం తల మీదుగా పోగానే చెవులు మూసుకుని, అమ్మ చున్నీలో తల దూర్చేసి, ఇంటికెళ్లేదాకా బయటికి తియ్యని పిల్లాడు కూడా వాడే. అత్తగారు మాత్రం సూటిగా అడిగారు: "సింహాచలం చందనోత్సవానికి పిల్లల్ని తీసుకెళ్దామంటే జనం, తొక్కిసలాట అని వద్దన్నావు. అక్కడ జనం ఉండరా?"

ఆ మాటకి జవాబు దొరకలేదన్నారు. టికెట్లు, ప్రయాణం, బస అన్నీ కలిపి నలభై వేలు దాటుతోంది, అదంతా ఆమె సొంత జీతంలో దాచుకున్నదే. స్టేజీకి దగ్గరగా నిలబడే టికెట్ తీసుకోవాలా, దూరంగా సీట్లు తీసుకోవాలా, అసలు పిల్లల్ని తీసుకెళ్లడమే తప్పా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు పేజీలు మీ గురించే ఉన్నాయి. క్యాసెట్, అన్నయ్య, 2011లో పోయిన అవకాశం. పిల్లలు వచ్చింది చివరి పేజీలో. ఇది ఎత్తిపొడుపు అనుకోకండి. ఆ మూడు పేజీలే నాకు నచ్చాయి. కానీ వాటిని బట్టి చూస్తే ఈ షోకి వెళ్లాలన్నది మీ కోరిక. పిల్లలకి చూపించాలన్నది ఆ కోరికని ఇంట్లో చెప్పుకోడానికి దొరికిన దారి.

మన ఇళ్లలో ఇది మామూలే. పెళ్లికో, గుళ్లోకో, పిల్లల స్కూలు పనికో వెళ్తున్నానంటే ఎవరూ ఏమీ అడగరు. నలభై దాటిన ఆడమనిషి "నాకు గిటార్ వినాలనుంది, బెంగళూరు వెళ్తున్నా" అంటే మాత్రం ఇంటిల్లిపాదీ వింతగా చూస్తారు. అందుకే పిల్లల్ని ముందు పెడతాం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అంత ఖర్చు వాళ్ల పేరు మీద పెట్టాక వాళ్లు ఆనందించి తీరాలి. చిన్నోడు మధ్యలో ఏడిస్తే మీకు వాడి మీద కోపం వస్తుంది. అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే "ఇంత దూరం తీసుకొస్తే" అన్న మాట మీ నోటి చివరి దాకా వస్తుంది. మీరు పద్నాలుగేళ్లకి పైగా ఎదురుచూసిన రాత్రి వాళ్ల ముఖాలు చూడ్డానికే సరిపోతుంది.

కాబట్టి ముందు మీరు వెళ్తారా లేదా అన్నది తేల్చుకోండి. అది తేలాక అమ్మాయి సంగతి వేరుగా, బాబు సంగతి వేరుగా ఆలోచించండి. ముగ్గుర్నీ ఒకే మూటలో కట్టడం వల్లే ఇది ఇంత బరువుగా కనిపిస్తోంది.

మీ అత్తగారి మాట మీకు గుచ్చుకుందని తెలుస్తోంది, కానీ అందులో న్యాయం ఉంది. 2025లో చందనోత్సవం నాడు క్యూలైను పక్క గోడ కూలి ఏడుగురు పోయాక మన ఊళ్లో చాలామంది తల్లులు మీలాగే భయపడ్డారు. ఆ భయం గుడికి ఒకలా, షోకి ఒకలా ఉండదు. 2023 నవంబరులో కొచ్చి విశ్వవిద్యాలయంలో జరిగిన సంగీత కార్యక్రమాన్నే చూడండి. వాన మొదలైంది, బయట ఉన్నవాళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చారు, గేటు దాటగానే మెట్లు. నలుగురు చనిపోయారు. అక్కడ ఎవరూ గొడవ పెట్టుకోలేదు, తాగి తూలలేదు. ఇరుకు దారిలో వెనకవాళ్లకి ముందు ఏం జరుగుతోందో కనపడదు, అంతే.

అందుకే నిలబడే టికెట్ విషయంలో నేను మెత్తగా మాట్లాడను. ఏడేళ్ల పిల్లాడితో అక్కడికి వెళ్లొద్దు. పెద్ద బ్యాండు వచ్చినప్పుడు స్టేజీ ముందు జనం మన బీచ్‌లో కాళ్ల కింద ఇసుకని లాగేసే అలలాగే ఉంటారు, మనం ఎటు వెళ్లాలో మనం నిర్ణయించుకోం. చదరపు మీటరుకి ఐదారుగురు చేరితే పెద్దవాళ్లకే ఊపిరి ఆడదు. చిన్నోడి ముఖం సరిగ్గా ఎదుటివాళ్ల నడుము దగ్గర ఉంటుంది. వాడికి కనిపించేవి ప్యాంటు జేబులు, బ్యాగులు. భుజాల మీద ఎక్కించుకుంటే ఎంతసేపు మోస్తారు? వెనకవాళ్లు ఊరుకుంటారా? ఇంకో సంగతి కూడా ఊహించుకోండి. షో మధ్యలో వాడు "అమ్మా, ఒంటికి" అంటాడు. టాయిలెట్లు మైదానం ఆ చివర. అమ్మాయిని అక్కడే ఒంటరిగా నిలబెట్టి వెళ్తారా, ఇష్టం లేకపోయినా తనని కూడా లాక్కెళ్తారా? వెళ్లినవాళ్లు మళ్లీ అదే చోటికి చేరలేరు. పెద్దమనిషి ఒక్కరే, పిల్లలు ఇద్దరు అన్న లెక్క అక్కడే తప్పిపోతుంది.

సీట్లు దూరమైనా ఈ బాధ చాలావరకు ఉండదు. స్టేజీ చిన్నగా కనిపిస్తుంది, ఎక్కువసేపు పెద్ద తెరల మీదే చూస్తారు. అంచు సీటు, బయటికి దారి దగ్గరగా ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

ఇక చెవుల సంగతి. దీన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నాకు మాత్రం జనం కన్నా ఇదే ముఖ్యం అనిపించింది. ఎందుకంటే జనంలో ఏదో జరగొచ్చు, జరక్కపోవచ్చు. శబ్దం మాత్రం ఖాయంగా ఉంటుంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి ఎనిమిది గంటలు దాటి ఉండకూడదన్నది పని చేసేచోట పెద్దవాళ్లకి పెట్టుకున్న లెక్క. ప్రతి మూడు డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగమైపోతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది పావుగంట. రాక్ షోలలో 100 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకి సగటున 100కి మించకూడదని ప్రమాణం పెట్టింది. దాన్ని మీరు వెళ్లే చోట పాటిస్తారా అన్నది మీ చేతుల్లో లేదు. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే మన దేశానికి వచ్చినప్పుడు, చెవులకి రక్షణ లేకుండా పిల్లల్ని రానివ్వొద్దని బాలల సంరక్షణ అధికారులు నోటీసు కూడా ఇచ్చారు.

ఒక్కమాట మీ అత్తగారి వైపు తిరిగి కూడా అనాలి. వినాయక నిమజ్జనానికి డీజే బాక్సుల ముందు మూడేళ్ల పిల్లల్ని ఎత్తుకుని ఊరేగింపు చూసే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. అప్పుడు చెవుల గురించి ఎవరూ అడగరు. విదేశీ గిటార్ అయితేనే గోల అవుతుంది. ఇది ఆమెతో వాదించడానికి చెప్పట్లేదు, చిన్నోడిని నిమజ్జనానికి పంపేటప్పుడు మీరు కూడా గుర్తుపెట్టుకోవాలని.

చెవులకి రక్షణ ఉంది, ఖరీదు కూడా పెద్దగా కాదు. అమ్మాయికీ మీకూ చెవిలో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ చాలు. సంగీతం కోసమే చేసినవి దొరుకుతాయి, వాటితో పాట ముద్దముద్దగా వినపడదు, శబ్దం మాత్రమే తగ్గుతుంది. చిన్న పిల్లల చెవి రంధ్రానికి ప్లగ్స్ సరిగ్గా అమరవు, ఊడి నోట్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. వాళ్లకి చెవి మొత్తం కప్పేసే ఇయర్ మఫ్స్ కావాలి. విమానంలో పెట్టుకునే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఈ పనికి పనికిరావు. ముందే కొని, ఇంట్లో టీవీ చూస్తూ గంటసేపు పెట్టుకోమనండి. పది నిమిషాలకే పీకేస్తే షోలోనూ అంతే. స్పీకర్లకి ఎదురుగా, దగ్గరగా ఉండే సీట్లు వద్దు. షో అయ్యాక చెవుల్లో గుయ్‌మని మోత ఉంటే అది దెబ్బ తగిలిందనడానికి గుర్తు. మామూలుగా ఒకట్రెండు రోజుల్లో పోతుంది, పోకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాల్సిందే.

చిన్నోడి గురించి నా అభిప్రాయం మీరు ఊహించే ఉంటారు. నేవీ విమానానికి చున్నీలో తల దూర్చిన పిల్లాడు మూడు గంటల షోకి ఉత్సాహంగా గంతేశాడంటే, వాడు గంతేసింది షోకి అనుకోను. అమ్మతో బెంగళూరు ప్రయాణానికి. వాడికి కావాల్సింది అదే అయితే అది ఇంకోసారి, ఇంకో రకంగా ఇవ్వొచ్చు.

అమ్మాయి సంగతి ఇంత తేలిక కాదు. పద్నాలుగేళ్ల పిల్ల "సరే" అంటే అది ఒప్పుకోవడం కావచ్చు, అమ్మని బాధపెట్టడం ఇష్టంలేక అన్నదీ కావచ్చు. మీరు మళ్లీ అడగాలి. అడిగే తీరు మార్చాలి. "వస్తావా?" అంటే మళ్లీ సరే అంటుంది. "నేను ఎలాగూ వెళ్తున్నాను, నువ్వు రాకపోయినా నాకేం బాధ లేదు, నీకు రావాలనుంటే చెప్పు" అనండి. ఒక వారం ఆగండి. ఆ వారంలో ఆ బ్యాండు పాటలు తనంతట తను వెతుక్కుని వింటే మీకు జవాబు దొరికినట్టే. తను వినేది కొరియన్ పాటలని రాశారు కదా. అవి కూడా ఓసారి విని చూడండి. ఇప్పుడు నడిచే దారి మీ వైపు నుంచి తన వైపుకి ఒక్కటే ఉంది, తన వైపు నుంచి మీ వైపుకి కూడా ఉండాలి.

"అరవవు కదా?" అన్న ప్రశ్నకి మీరు ఏం చెప్పారో రాయలేదు. దయచేసి అరవనని మాట ఇవ్వకండి. ఆ మాట నిలబెట్టుకోవాలంటే మీరు షో మొత్తం చేతులు కట్టుకుని కూర్చోవాలి. "అరుస్తాను, గెంతుతాను కూడా. నీకు సిగ్గేస్తే నాకు ఒక సీటు అవతల కూర్చో, నీ ఫొటోల్లో నేను పడను" అని చెప్పండి. తను నవ్వుతుంది. లేదా నిజంగానే రాకూడదని నిర్ణయించుకుంటుంది. రెండూ మీకు పనికొచ్చేవే.

ఉత్తరంలో ఇంకొకటి మీరు గబగబా దాటేశారు: "అన్నయ్య ఇప్పుడు బెంగళూరులోనే ఉంటున్నాడు గానీ వాడికి ఇప్పుడు ఇవన్నీ ఎక్కడ." ఆయన్ని అడిగారా? అడక్కుండానే అనుకున్నట్టున్నారు. ఆ క్యాసెట్ ఆయన తెచ్చిందే కదా. ఆయన వస్తే మీ కథే మారిపోతుంది. పిల్లలకి మేనమామ, మీకు రెండో పెద్ద దిక్కు. బస ఖర్చు కూడా తప్పుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మీరొక్కరే, లేదా మీ అన్నయ్యతో, వెళ్లడం. నిలబడే టికెట్ తీసుకుని స్టేజీ ముందు దాకా వెళ్లగలిగేది ఇందులోనే. ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. ఇంట్లో నాలుగు మాటలు పడాల్సి వస్తుంది, "పిల్లల్ని వదిలేసి" అన్నది అందులో మొదటిది. స్కూల్లో తెలిస్తే నవ్వుతారని రాశారు. నవ్వనివ్వండి. ఆ నవ్వేవాళ్లలో ఒకరిద్దరు మధ్యాహ్నం మీ పక్కన కూర్చుని ఎలా ఉందని మెల్లగా అడుగుతారు.

మీరూ అమ్మాయీ సీట్ల టికెట్లతో వెళ్లడం. తను మనస్ఫూర్తిగా వస్తానంటే నాకు ఎక్కువ మొగ్గు ఉన్నది దీనికే. కానీ తమ్ముడు ఊరుకోడు. వాడిని ఇంటి దగ్గర వదిలిన రాత్రి మీ ఆయనకి నైట్ షిఫ్టు పడకూడదు. "నీ ఇష్టం" అన్నారు కదా అని సరిపెట్టుకోకుండా, ఏ తేదీన సెలవు పెట్టాలో, లేదా ఎవరితో షిఫ్టు మార్చుకోవాలో ముందే అడిగి ఖాయం చేసుకోండి. మర్నాడు అమ్మాయికి పరీక్ష ఉందేమో కూడా చూసుకోండి. రాత్రి పదిన్నరకి గేటు దాటిన పిల్ల మర్నాడు పొద్దున గాజువాకలో పరీక్ష రాయలేదు.

అందరూ వెళ్లడం. మీ అన్నయ్య తోడుంటేనే. సీట్లే తీసుకోవాలి, చిన్నోడికి మఫ్స్ అలవాటు కావాలి, వాడు భయపడితే ఎవరు బయటికి తీసుకెళ్తారో బయల్దేరే ముందే అనుకోవాలి. మీరే తీసుకెళ్లాల్సి వస్తే, మీకు ఇష్టమైన పాట మీరు పార్కింగు దగ్గర నిలబడి వినాల్సి రావచ్చు. దానికి సిద్ధపడి వెళ్తే బాధ ఉండదు. సిద్ధపడకపోతే, ఆ కోపం చిన్నోడి మీదకి వెళ్తుంది.

ఎవరూ వెళ్లకపోవడం కూడా ఒక దారే. ముందుగా మన ఊళ్లోనే బీచ్ రోడ్డు వైపు సాయంత్రాలు జరిగే చిన్న బ్యాండు కార్యక్రమాలకి పిల్లల్ని తీసుకెళ్లి చూడొచ్చు. అరగంట ఉండి వచ్చేయొచ్చు, ఆటోలో ఇంటికి చేరిపోవచ్చు. కానీ మీ విషయంలో ఈ దారి నాకు అంత నచ్చలేదు. ఇది పిల్లలకి సరిపోతుంది. మీకు సరిపోదు. ఈసారి కూడా మానేస్తే దానికి కారణం పిల్లలని మీ మనసులో ఎక్కడో రాసుకుంటారు.

డబ్బు గురించి నేనేమీ చెప్పను. మీ జీతం, మీరు దాచుకున్నది. ఇంటి ఖర్చులో కోత పడనంత వరకు లెక్క ఎవరికీ చెప్పక్కర్లేదు.

పిల్లలు ఎవరు వచ్చినా సరే, టికెట్ కొనే ముందు నిబంధనలు పూర్తిగా చదవండి. ఎన్నేళ్లు దాటాలి, పిల్లలకి విడిగా టికెట్ కావాలా, ఎంత బ్యాగు రానిస్తారు, ఒకసారి బయటికి వస్తే మళ్లీ లోపలికి పంపుతారా అన్నవి ఒక్కో షోకి ఒక్కోలా ఉంటాయి. కొన్నింటికి పదహారు, పద్దెనిమిది దాటితేనే ప్రవేశం. ఇది చూడకుండా కొనేసి గేటు దగ్గర ఆగిపోయినవాళ్లు ఉన్నారు. లోపలికి వెళ్లగానే గేటు దగ్గర పిల్లలకి ఒక గుర్తు చూపించి, "తప్పిపోతే ఇక్కడికి" అని చెప్పండి. వేలమంది ఒక్కచోట ఉంటే ఫోన్ సిగ్నల్ అందదు, కాబట్టి ఫోన్ ఉంది కదా అని నమ్ముకోవద్దు. ఆ రోజు వేసుకున్న బట్టలతో వాళ్లని ఒక ఫొటో తీసి పెట్టుకోండి. చిన్నోడు వస్తే మణికట్టు మీద పెన్నుతో మీ నంబరూ, మీ అన్నయ్య నంబరూ రాయండి.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. రాత్రి పది దాటితే లౌడ్ స్పీకర్లకి మామూలుగా అనుమతి ఉండదు కాబట్టి షోలు ఆ వేళకి ముగుస్తాయి, అందరూ ఒకేసారి గేటు దగ్గరికి వస్తారు, క్యాబులు దొరకవు. పిల్లలతో ఉంటే చివరి రెండు పాటలు వదులుకుని ముందే బయటపడండి. లేదా జనం తగ్గేదాకా సీట్లోనే కూర్చోండి. మధ్యలో దూరడం మాత్రం వద్దు. మీకు బాగా ఇష్టమైన పాట ఆ చివరి రెండింట్లో ఉంటుందని నాకు తెలుసు. అలాంటివి చివరికే దాచుకుంటారు వాళ్లు. అందుకే ఎవర్ని తీసుకెళ్లాలో ముందే తేల్చుకోమంటున్నాను.

మీ అత్తగారిని ఒప్పించే పని పెట్టుకోకండి. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్నే కాబట్టి, "మీరన్నది నిజమే, చిన్నోడిని తీసుకెళ్లట్లేదు" అని చెప్పేయండి. ఆ వెంటనే, ఆ రెండు రాత్రులూ వాడిని ఆమె దగ్గర పడుకోబెట్టుకుంటారా అని అడగండి. వాడు రాత్రి లేచి నీళ్లడుగుతాడా, భయపడతాడా, ఏ దుప్పటి కావాలంటాడు అన్నవన్నీ ఆమెకి మీకన్నా బాగా తెలిసే ఉంటాయి. అయినా ఒకసారి చెప్పి వెళ్లండి.